లోబడటమంటే నోరు మూసుకోవటం కాదు

పై అధికారులకు లోబడి ఉండమని పౌలు రోమా పత్రిక పదమూడో అధ్యాయంలో రాశాడు. కూచిపూడి, మొవ్వ, పామర్రు, చల్లపల్లి చుట్టుపక్కల ఏ సంఘంలో అడిగినా ఈ మాట తెలియని విశ్వాసి ఉండడు. సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో, ఆసుపత్రిలో, బడిలో, రైస్ మిల్లులో, విజయవాడ బట్టల షాపుల్లో పనిచేసే మనవాళ్లు ఈ మాటను మనసులో పెట్టుకునే డ్యూటీ ఎక్కుతారు. చిక్కల్లా, దీన్ని ఒక్కొక్కరు ఒక్కోలా పట్టుకోవటంలో ఉంది. ఒకరు "సార్ చెప్పారు, చేశాను, లెక్క ఆయనే దేవుడికి చెప్పుకుంటాడు" అని తప్పుడు కాగితం మీద సంతకం పెట్టేస్తారు. ఇంకొకరు "దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు" అని ఆఫీసులో ప్రతి చిన్నదానికీ గొడవకు దిగుతారు. మూడో రకం వాళ్లే ఎక్కువ. వాళ్లు అన్యాయాన్ని దిగమింగుకుని, "దేవుడే చూసుకుంటాడులే" అని రాత్రిళ్లు నిద్ర లేకుండా గడుపుతారు.

ఈ ముగ్గురికీ చెప్పాల్సింది ఒక్కటే. లోబడటమంటే నిబంధన ప్రకారం, నలుగురికీ తెలిసేలా, పగ పెట్టుకోకుండా నడుచుకోవటం. దేవుని న్యాయాన్ని నమ్మటమంటే అర్జీ రాయటం మానెయ్యటం కాదు. అర్జీ రాసి, ఫలితం మన గుప్పిట్లో లేదని ఒప్పుకోవటం.

పౌలు తన విషయంలో ఏం చేశాడు

లోబడమని రాసిన మనిషి తనకు అన్యాయం జరిగినప్పుడు ఎలా నడుచుకున్నాడో అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేశారు. తెల్లారాక అధికారులు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే పౌలు కదల్లేదు. రోమా పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టటం చట్టవిరుద్ధమని చెప్పి, వాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకువెళ్లేదాకా పట్టుబట్టాడు. వచ్చాక వాళ్ల మీద పగ తీర్చుకోలేదు. యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టేస్తుంటే తన పౌరసత్వం గుర్తుచేశాడు. కైసరయలో న్యాయం దక్కదని తేలాక కైసరుకే అప్పీలు చేసుకున్నాడు.

రోమా పత్రిక రాసింది క్రీ.శ. 57 ప్రాంతంలో. అప్పుడు సింహాసనం మీద ఉన్నది నీరో. అంటే మంచి పాలకుణ్ణి చూసి మురిసిపోయి రాసిన మాట కాదది. పైగా పన్నెండో అధ్యాయం చివర పగ తీర్చుకోవద్దు, ఆ పని దేవుడిదని చెప్పిన వెంటనే పదమూడో అధ్యాయంలో అధికారి దేవుని సేవకుడని అంటాడు. రెండూ కలిపి చదవాలి. సేవకుడన్నాక అతని మీద యజమాని ఉన్నట్టే. అందుకే మనం అతనికి లోబడతాం, అతను తప్పు చేస్తే ఆ యజమాని పెట్టిన హద్దును గుర్తుచేస్తాం.

ఈ పద్ధతి మన కూచిపూడికి కొత్తేమీ కాదు. పదహారో శతాబ్ది మొదట్లో కూచిపూడి భాగవతులు సిద్ధవటం సీమ మీదుగా వెళుతూ, సమ్మెట గురవరాజు అనే పాలకుడు డబ్బు కోసం ఆడవాళ్లను హింసించటం చూశారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. వాళ్లు అక్కడ కర్రలు పట్టుకోలేదు, చూడనట్టు పోనూ లేదు. విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల కొలువులో ఆ దారుణాన్నే కేళికగా ఆడి చూపించారు. రాజు విషయం గ్రహించి సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. తమకు తెలిసిన విద్యతో, పై అధికారి ఎదుట, సాక్ష్యం పెట్టారు. ఆఫీసులో మనం చెయ్యాల్సిందీ అదే.

ముందు ఆదేశం ఏ రకమో తేల్చుకోండి

పైనుంచి మాట రాగానే మనసు భగ్గుమంటుంది. ఆ వేడిలో ఏదీ తేల్చుకోవద్దు. ఆ ఆదేశం ఈ నాలుగింటిలో ఏదో చూడండి.

మొదటిది, ఇష్టం లేకపోయినా న్యాయమైనది. ఆదివారం ఎన్నికల డ్యూటీ, దూరపు మండలానికి బదిలీ, సెలవుల్లో సర్వే. ఇక్కడ మారుమాట లేకుండా చెయ్యండి. ఆరాధన వేళ కోసం షిఫ్టు మార్చమని ముందుగా, మర్యాదగా అడగొచ్చు. కుదరకపోతే సాయంత్రం కూటానికి వెళ్లండి. పన్నుల సంగతీ ఇందులోదే. ఉండని అద్దె ఇంటికి రసీదులు పెట్టి పన్ను తగ్గించుకుని, మళ్లీ కానుక పెట్టెలో దశమభాగం వెయ్యటం కుదిరే పని కాదు. సంఘానికీ ఇదే వర్తిస్తుంది. రాత్రి పది దాటాక బహిరంగంగా మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. సువార్త కూటమైనా పదింటికి మైకు ఆపాల్సిందే.

రెండోది, నాకు అన్యాయం చేసేది. జీతం ఆపటం, రావాల్సిన ప్రమోషన్ పక్కవాడికి ఇవ్వటం, తప్పు లేకుండా మెమో ఇవ్వటం. ఇక్కడ పని మానొద్దు, అర్జీ మానొద్దు. నష్టం మనకే కాబట్టి ఓర్చుకునే హక్కు మనకుంది. కానీ ఓర్చుకోమని ఇంకొకరిని ఒత్తిడి చేసే హక్కు లేదు.

మూడోది, నాచేత ఇంకొకరికి అన్యాయం చేయించేది. ఇక్కడ "సార్ చెప్పారు" అన్న మాట దేవుని ఎదుటా చెల్లదు, కోర్టులోనూ చెల్లదు. చెయ్యకూడదు, అంతే.

నాలుగోది, నా ఆరాధననే అడిగేది. దీని గురించి చివర్లో చెబుతాను. ఇది అరుదు. చాలామంది మొదటి రకాన్ని నాలుగోదిగా పొరబడి ఉద్యోగం పాడు చేసుకుంటారు.

ధాన్యం కేంద్రంలో ఒక మధ్యాహ్నం

మూడో రకం ఎలా వస్తుందో దగ్గరగా చూద్దాం. డెల్టాలో సార్వా కోతలు జోరుగా ఉన్నాయి, కొనుగోలు కేంద్రంలో ఒక కుర్రాడు టెక్నికల్ అసిస్టెంటుగా చేరాడనుకోండి. రైతు రోడ్డు పక్కన ఆరబెట్టి తెచ్చిన ధాన్యంలోంచి గుప్పెడు తీసి తేమ మిషన్‌లో పోశాడు. 16.5 వచ్చింది. ప్రభుత్వం ఒప్పుకునే హద్దు 17 శాతం. ఇంతలో పైనుంచి ఫోన్: "పద్దెనిమిదిన్నర వేసెయ్ బాబూ, మిల్లు వాళ్లు దింపుకోనంటున్నారు." ఆ తేడా తరుగు రూపంలో రైతు డబ్బులోంచి పోతుంది. ట్రక్ షీట్ మీద మాత్రం కుర్రాడి లాగిన్ ఉంటుంది.

ఇక్కడ అరవక్కర్లేదు. "లంచం తిన్నారా సార్?" అని అడగక్కర్లేదు, అతను తిన్నాడో లేదో మనకు తెలియదు కూడా. ఇలా చెబితే చాలు: "సార్, మిషన్‌లో పదహారున్నర వచ్చిందండి, అదే ఎంటర్ చేస్తున్నాను. అనుమానముంటే మిల్లు మనిషిని పంపండి సార్, రైతు ఎదురుగా ఇంకో బస్తాలోంచి శాంపిల్ తీసి మళ్లీ పెడదాం." మాటలో మర్యాద ఉంది, పని ఆగలేదు, అబద్ధం రాయలేదు. పైవాడు వెనక్కి తగ్గటానికి దారి కూడా ఉంది. దానియేలు బబులోనులో చేసింది ఇదే. రాజు భోజనం వద్దనుకున్నప్పుడు పళ్లెం విసిరికొట్టలేదు. పది రోజులు పరీక్షించి చూడమని అడిగాడు. కాదనే ముందు ఇంకో దారి చూపించటం విశ్వాసి నేర్చుకోవాల్సిన మొదటి నేర్పు.

తరవాత మిషన్ రీడింగు, రైతు పేరు, తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ ఫొటో ఎవరి మీదా బెదిరింపుగా వాడటానికి కాదు. రేపు విచారణ వస్తే నిజం నిలబెట్టటానికి.

ఉద్యోగమే మానెయ్యాలా అని కొందరు అడుగుతారు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, సైనికులు వచ్చినప్పుడు ఆయన వాళ్లను రాజీనామా చెయ్యమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దని, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. రెవెన్యూలో, పోలీసులో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న విశ్వాసికి ఇంతకంటే సూటైన ఉద్యోగ సలహా లేదు. నిజాయితీపరుడు కుర్చీ వదిలేస్తే నష్టపోయేది ఆ కౌంటరు ముందు నిలబడే పేదవాడే.

నోటి మాటను కాగితం మీదికి తీసుకురండి

తప్పుడు ఆదేశాలు ఎప్పుడూ నోటితోనే వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలు పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలని చెబుతాయి. తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాతలో ధ్రువీకరించాలి. మీది ఏ శాఖ అయినా, ఆప్కాస్ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ ఉద్యోగమైనా, ఈ అలవాటు మిమ్మల్ని కాపాడుతుంది. అనుమానంగా ఉన్న మాట రాగానే ఇలా రెండు వాక్యాలు పంపండి:

"అయ్యా, ఈ రోజు తమరు ఫోన్‌లో చెప్పిన ఫలానా పని విషయమై, నా దగ్గరున్న రికార్డు ప్రకారం వివరాలు ఇలా ఉన్నాయి. దీనికి భిన్నంగా నమోదు చేయాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

ఎక్కడా ఆరోపణ లేదు, వేదాంతం లేదు. బైబిల్ వచనాలు సంజాయిషీలో రాయొద్దు. అక్కడ పనికొచ్చేవి రూలు, తేదీ, రికార్డు. ఉత్తర్వు రాతలో వచ్చినా సరే, రికార్డుకు విరుద్ధమైన అబద్ధం రాయకూడదు. మెమో వస్తే గడువు లోపలే జవాబివ్వండి, పావతి తీసుకోండి.

తలుపులు ఎక్కడున్నాయో తెలిసుండాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగితే 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తరవాత 90 రోజుల్లో రెండో అప్పీలు. సోమవారం మచిలీపట్నం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు, 1100కి ఫోన్ చెయ్యొచ్చు. లంచం అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ 1064. ఇక్కడొక సంగతి ప్రతి విశ్వాసీ గుర్తుంచుకోవాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇవ్వటం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో తెలియజెయ్యాలి. "పని కాదు కదా బ్రదర్, ఇచ్చేసి ప్రార్థన చేసుకుందాం" అన్న సలహా చట్టం ముందు నిలవదు.

ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. ఆఫీసులో లైంగిక వేధింపు జరిగితే లోబడమన్న వచనాలు చూపించి నోరు నొక్కే పెద్దలు ఇంకా ఉన్నారు. అలాంటి సలహాను పక్కన పెట్టండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, లేనిచోట జిల్లా స్థానిక కమిటీ. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. మన చెల్లెళ్లకు తోడు వెళ్లటం సంఘం పని. "క్షమించెయ్యమ్మా" అని ఇంటికి పంపటం కాదు.

కులం కాలమ్ ముందు

ఇక మన డెల్టాలో అన్నిటికంటే నొప్పించే చోటుకు వద్దాం. దరఖాస్తు ఫారంలో కులం కాలమ్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ వాళ్ల సంతానమూ బీసీ-సీ, రిజర్వేషన్ ఒక శాతం. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది క్రైస్తవురాలిగా బతుకుతున్న ఒక మహిళ ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం అడగటాన్ని తోసిపుచ్చింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టలేడని చెప్పింది.

చర్చికి వెళ్లినా పేట మారలేదు, పలకరింపు మారలేదు, చేసే పని మారలేదు. మారింది కాగితం మీది ఒక అక్షరమే. ఇది అన్యాయమని గట్టిగా చెప్పటానికి విశ్వాసి వెనకాడనక్కర్లేదు. అలాగని అబద్ధపు ధ్రువపత్రం పెట్టటం దారి కాదు. తప్పుడు కుల ధ్రువపత్రాలకు 1993 నాటి మన రాష్ట్ర చట్టంలో శిక్ష ఉంది, ఉద్యోగం ఎన్నేళ్ల తరవాతైనా పోవచ్చు. అంతకంటే పెద్ద మాట, ముప్పై ఏళ్ల సర్వీసంతా ఎవరు ఫిర్యాదు పెడతారోనన్న భయంతో గడుస్తుంది. కాబట్టి సంతకం పెట్టే రోజున ఏది నిజమో అదే రాయండి. కుటుంబంలో ఒకరికి బాప్తిస్మం ఉండి ఒకరికి లేనప్పుడు, పాత రికార్డు ఒకటి, ఇప్పటి జీవితం ఒకటి అయినప్పుడు, ఆ వివరాలన్నీ దాచకుండా న్యాయవాది ముందు పెట్టి సలహా తీసుకోండి. పక్కింటివాళ్ల కాగితం మీద తీర్పు చెప్పే పని మాత్రం పెట్టుకోవద్దు. చట్టమే వంకరగా ఉన్నచోట దాని కింద నలిగినవాణ్ణి దోషి అనటం సంఘానికి తగదు.

పోరాటం ఆగలేదు. ఈ మూడో పేరాను ప్రశ్నిస్తూ 2004లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తెంచెయ్యమని సిఫార్సు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. చట్టం ఉన్నంతకాలం దానికి లోబడి, అది మారాలని చట్టం ఇచ్చిన దారిలోనే అడగటం అంటే ఇదీ. తరాలు పట్టొచ్చు. మొదటి సంతకం పెట్టినవాళ్లకు ఫలితం కనపడకపోవచ్చు. అయినా పెట్టాలి.

మనస్సాక్షి మాటకు వెల ఉంటుంది

నాలుగో రకం ఆదేశానికి పేతురు, మిగతా అపొస్తలులు ఇచ్చిన జవాబు అందరికీ తెలిసిందే. మనుషుల మాటకంటే దేవుని మాటకు లోబడాలన్నారు. ఆ తరవాత దెబ్బలు తిన్నారు, తప్పించుకోలేదు. ఆ రెండో సగం మర్చిపోకూడదు.

మన రాజ్యాంగం ఇక్కడ కొంత చోటు ఇచ్చింది. 1985 జులైలో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లల్ని, జాతీయగీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. పిల్లలు గీతం వస్తున్నంతసేపూ గౌరవంగా నిలబడేవాళ్లు, పాడటం మాత్రం తమ విశ్వాసం ఒప్పుకోదన్నారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, గుత్తిలో పుట్టిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పిల్లల్ని గెలిపించిన వాటిలో ఒకటి వాళ్లు నిలబడిన తీరు. గౌరవం తగ్గించకుండా తమ హద్దు చెప్పారు. కోర్టులో ప్రమాణం విషయమూ ఇలాంటిదే. ఒట్టు పెట్టుకోవద్దన్న యేసు మాటను అక్షరాలా పాటించేవారికి 1969 నాటి ప్రమాణాల చట్టం, దేవుని పేర కాకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేసే వీలు ఇచ్చింది. గొడవ పడక్కర్లేదు, అడిగితే చాలు.

అన్నిసార్లూ గెలుపే ఉండదు. తన రెజిమెంటు గుడి గర్భగృహంలోకి వెళ్లటానికి ఒప్పుకోని లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్‌ను సైన్యం 2021లో సర్వీసు నుంచి తొలగించింది. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపునే సమర్థించాయి. ఆయన చేసింది సరైనదా కాదా అని విశ్వాసుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఉద్యోగికి ఇందులో ఉన్న పాఠం వేరు. హద్దు గీసుకునే ముందు అది నిజంగా దేవుని ఆజ్ఞా, నా అలవాటా అని ముగ్గురు పరిణతి ఉన్నవాళ్లను అడగండి. వాళ్లలో ఒకరు మీ శాఖ నియమాలు తెలిసినవారై ఉండాలి. ఇంట్లో భార్యతో, భర్తతో వెల గురించి దాపరికం లేకుండా మాట్లాడండి. అన్నీ చూసుకున్నాక అది హద్దేనని తేలితే నిలబడండి. ఉద్యోగం పోతే దేవుడు మనల్ని వదిలేశాడని అర్థం కాదు.

ఎదురుచూసే రోజుల్లో

అర్జీ ఇచ్చాక నెలలు గడుస్తాయి. అవతలివాడు ఎదురుగా కుర్చీలో నవ్వుతూనే ఉంటాడు. విశ్వాసం అసలు పరీక్షకు నిలిచేది అప్పుడే. లూకా సువార్తలో విధవరాలు అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆ కథ యేసు చెప్పింది ప్రార్థన మానొద్దని. చెప్పటానికి ఎంచుకున్నది మాత్రం ఆఫీసు చుట్టూ తిరిగే మనిషిని. మోకాళ్ల మీద ఉండటం, వాయిదాకు వెళ్లటం ఒకదానికొకటి అడ్డు కాదు.

ఆ రోజుల్లో కొన్ని పనులు చెయ్యకండి. ఆకాశరామన్న ఉత్తరాలు రాయొద్దు. వాట్సాప్ గ్రూపులో ఆ అధికారి ఇంటి సంగతులు పెట్టొద్దు. అతనికి జబ్బు చేస్తే "చూశారా, దేవుడు కొట్టాడు" అనొద్దు. దేవుని న్యాయం మన కోపానికి గుమాస్తా కాదు. కొన్ని పనులు తప్పకుండా చెయ్యండి. మీ పని ఇంతకు ముందుకంటే శుభ్రంగా చెయ్యండి, వేలు పెట్టి చూపించటానికి ఎవరికీ సందు ఇవ్వకండి. ఆ అధికారి కోసం పేరు పెట్టి ప్రార్థించండి. రాజుల కోసం, అధికారంలో ఉన్నవాళ్లందరి కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసినప్పుడు మంచివాళ్లయితేనే అని షరతు పెట్టలేదు. ఇలా ప్రార్థించినంత మాత్రాన ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలని లేదు. మీ ఫిర్యాదులోంచి విషం పోతుంది, నిజం మిగులుతుంది.

ఈ వారం చెయ్యాల్సిన పనులు మూడున్నాయి. మీ బల్ల మీద ఉన్న కాగితాల్లో నిజం కాని అంకె ఏదైనా ఉంటే సరిదిద్దండి, సరిదిద్దే అధికారం మీకు లేకపోతే రాతలో తెలియజెయ్యండి. మీకు జరిగిన అన్యాయాన్ని ఒక పేజీలో, తేదీలతో, తిట్టు లేకుండా రాసి, ఏ తలుపు తట్టాలో చూసి ఇవ్వండి. మీ కింద పనిచేసేవాళ్లలో ఎవరికైనా మీరు నోటితో ఇచ్చిన ఆదేశం వాళ్లను ఇబ్బందిలో పెట్టిందేమో అడిగి తెలుసుకోండి. ఎందుకంటే మనలో చాలామంది ఒకరికి లోబడే ఉద్యోగులమే కాదు, ఇంకొకరికి పై అధికారులం కూడా. దేవుడు లెక్క అడిగే రోజున ఆ రెండు కుర్చీల లెక్కా అడుగుతాడు.